కొట్లాటలు, ర్యాగింగ్‌పై సదస్సు తర్వాత పిల్లల అభిప్రాయాలు ఎలా సేకరించాలి?

జూనియర్ కాలేజీలోనో డిగ్రీ కాలేజీలోనో అవగాహన సదస్సు పెడతారు. కొట్లాటలు, ర్యాగింగ్, అమ్మాయిల వెంటపడి వేధించడం, గంజాయి గొడవలు, అన్నిటి గురించీ మాట్లాడతారు. స్టేషన్ నుంచి ఎస్ఐ గారు వస్తారు. తెలంగాణలో అయితే షీ టీమ్స్ (ఆడపిల్లల వేధింపులపై పనిచేసే పోలీసు బృందాలు) నుంచి కూడా ఎవరో ఒకరు వస్తారు. చివర్లో ఒక కాగితం పంచుతారు. పైన పేరు, రోల్ నంబర్, గ్రూపు. కింద ఒకే ప్రశ్న: ‘కార్యక్రమం ఎలా ఉంది?’ పిల్లలంతా ‘చాలా బాగుంది సార్’ అని రాసిస్తారు. రిపోర్టులో ‘విద్యార్థులు సంతృప్తి వ్యక్తం చేశారు’ అని ఒక వాక్యం పడుతుంది.

పన్నెండేళ్లుగా ఇలాంటి సదస్సులు నడుపుతున్నాను. ఎక్కడికి వెళ్లినా ఇదే చూస్తున్నాను. హాస్టల్లో రోజూ దెబ్బలు తినే పిల్లవాడు కూడా అదే హాల్లో కూర్చుని ఉంటాడు. పేరు రాసిన కాగితం మీద, వార్డెన్ చేతికి ఇవ్వాల్సిన కాగితం మీద వాడు ఏం రాయగలడు? వాడూ ‘చాలా బాగుంది’ అనే రాస్తాడు. వాడు నిజం రాసి, రాసినందుకు దెబ్బ తినకుండా ఇంటికి వెళ్లగలిగితేనే అది అభిప్రాయ సేకరణ.

కావలసినవి

ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే వచ్చే చీటీలు, మనిషికి ఒకటి. మనిషికో నీలం పెన్ను, అన్నీ ఒకే రకం. పైన చీలిక పెట్టి టేపు వేసిన అట్టపెట్టె ఒకటి. తాళం ఉన్న హుండీ దొరికితే ఇంకా మంచిది. ఆ కాలేజీకి సంబంధం లేని ఇద్దరు మనుషులు. అంతే. రంగు కాగితాలు, నవ్వు బొమ్మలు అక్కర్లేదు.

గూగుల్ ఫామ్ మాత్రం వద్దు. ‘ఈ రోజుల్లో చీటీలేంటి మేడమ్, లింకు పంపిస్తే అయిపోతుంది కదా’ అని ప్రతి కాలేజీలోనూ అడుగుతారు. లింకు వెళ్లేది క్లాసు వాట్సాప్ గ్రూపులోకి. ఆ గ్రూపు అడ్మిన్ లెక్చరరే. చాలా జూనియర్ కాలేజీల్లో ఫోన్ తేనివ్వరు కాబట్టి పిల్లలు ఇంటికి వెళ్లాక నింపాలి. ఇంట్లో ఆ ఫోన్ అమ్మదో నాన్నదో అయి ఉంటుంది. అమ్మాయి చేతిలో సొంత ఫోన్ ఉన్నా అన్నయ్య తీసి చూస్తాడు. ఈమెయిల్ అడగకుండా సెట్టింగ్ పెట్టాం అని మనం చెప్పినా, లాగిన్ అయి ఉన్న ఫోన్‌లో నింపుతున్న పిల్లలకు నమ్మకం కలగదు. కాగితమైతే పేరు లేదని వాళ్ల కళ్లకే కనిపిస్తుంది.

ప్రశ్నలు

ఐదు చాలు. ఆరో ప్రశ్న పెడితే మొదటి ఐదూ తొందరగా నింపేస్తారు. నేను వాడేవి ఇవి.

రేపు మీ కళ్ల ముందు గొడవ మొదలైతే ముందు ఎవరికి చెప్తారు? (స్నేహితులు, ఇంట్లోవాళ్లు, లెక్చరర్, వార్డెన్, పోలీసులు, ఎవరికీ చెప్పను.) మీకు ఎక్కడ భయం వేస్తుంది? (హాస్టల్, బస్టాప్, బాత్రూముల దగ్గర, గ్రౌండ్ వెనక, ఫోన్‌లో, ఎక్కడా లేదు.) ఈ రోజు చెప్పినది మీ కాలేజీలో పనికొస్తుందా? (అస్సలు రాదు, కొంచెం, బాగా, చాలా బాగా.) ఈ రోజు విన్నవాటిలో ఏ మాట మీకు నచ్చలేదు, లేదా అర్థం కాలేదు? మేం అడగనిది ఏదైనా ఉంటే రాయండి.

మొదటి మూడూ టిక్కు పెట్టేవి, చివరి రెండూ రాసేవి. మూడో ప్రశ్నకు సమాధానాలు నాలుగే ఉండాలి. ఐదు పెడితే మధ్యలో ‘ఫర్వాలేదు’ వస్తుంది, పిల్లలంతా అక్కడే టిక్కు పెట్టేస్తారు. ‘సదస్సు, భోజనం బాగున్నాయా?’ లాంటి జంట ప్రశ్న వేయకండి. అన్నం బాగుండి ఉపన్యాసం బాగోకపోతే ఏం టిక్కు పెట్టాలి?

మొదటి ప్రశ్న ఒక్కదాన్నీ సదస్సు మొదలవకముందే ఒకసారి అడగండి, చివర్లో మళ్లీ అడగండి. ‘ఎవరికీ చెప్పను’ అనేవాళ్లు పొద్దున ఎంతమంది, సాయంత్రం ఎంతమంది అన్నది చూస్తే రెండు గంటల మాటలకు ఏమైనా ఫలితం ఉందో లేదో తెలిసిపోతుంది. పొగడ్తలు లెక్కపెడితే అది తెలియదు.

భాష ఆ ఊరి భాషే కావాలి. పాతబస్తీలో ఉర్దూ చీటీలు కూడా తీసుకెళ్లండి. తల్లిదండ్రులను కూడా పిలిచిన సదస్సయితే చదువు రానివాళ్లు ఉంటారు. వాళ్లకు చింతపిక్క ఒకటి, శనగ గింజ ఒకటి ఇచ్చి, తెర వెనక రెండు కుండలు పెట్టి, ‘అవును అయితే చింతపిక్క ఎడమ కుండలో వేయండి, కాదంటే శనగ గింజ’ అని నోటితో చెప్పండి. మిగిలిన గింజ రెండో కుండలో వేయించండి. అలా అయితే చేతిలో ఏదీ మిగలదు, ఎవరేం వేశారో బయటపడదు.

అసలు కష్టం: రాసే పది నిమిషాలు

పని చెడిపోయేది ఇక్కడే. ఎందుకింత జాగ్రత్త అంటారా? ఒక పట్టణంలో ఒక జూనియర్ కాలేజీలో సదస్సు పెట్టాం. అప్పటికి నాకు ఈ పని కొత్త. చీటీల కట్ట ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెట్టి, టీ తాగి వచ్చాను. అందులో ఒక చీటీలో ‘రాత్రి పది తర్వాత సీనియర్లు రూముకు పిలిచి కొడతారు’ అని ఉంది. మర్నాడు అసెంబ్లీలో ఆ చీటీ పైకెత్తి చూపించి ‘ఎవరు రాశారిది?’ అని అడిగారు. చేతిరాత పట్టుకుని పిల్లవాణ్ని కనిపెట్టారు. వారం తిరక్కుండా వాడు కాలేజీ మానేశాడు. ఆ కట్టను అక్కడ పెట్టి వెళ్లింది నేనే. అప్పటినుంచి ఈ కింది వాటిలో ఒక్కటి కూడా వదలను, మీరూ వదలొద్దు.

వందన సమర్పణకు ముందే రాయించండి. తర్వాత అంటే బస్సు టైమ్ అయిపోయిందని సగం మంది లేచిపోతారు. సమోసాలు కూడా రాశాకే.

రాసేటప్పుడు హాల్లో లెక్చరర్లు, వార్డెన్లు, యూనిఫామ్‌లో ఉన్న పోలీసులు ఉండకూడదు. అడగడానికి మొహమాటపడకండి. పొద్దున్నే ప్రిన్సిపాల్ గారికి చెప్పి ఒప్పించుకోండి. ‘మా పిల్లలు మా ముందు భయపడరండీ’ అంటారు. ‘అవును సార్, అయినా మాకు ఇదొక నియమం’ అనండి. నియమం అంటే ఎవరూ నొచ్చుకోరు. ఒప్పుకోకపోతే చీటీలు పంచకుండా వచ్చేయండి. అబద్ధపు కాగితాలు తెచ్చుకోవడం కంటే అదే నయం.

ఫొటోలు వద్దు. పేపర్లో వేయడానికి, రిపోర్టులో పెట్టడానికి అందరూ సరిగ్గా ఈ సమయంలోనే ఫోన్లు తీస్తారు. పెద్దది చేసి చూస్తే ఆ ఫొటోలో పిల్లవాడు రాసిన అక్షరాలు కనిపిస్తాయి.

బెంచీకి ఇద్దర్ని మించి కూర్చోబెట్టకండి. సీనియర్లు ఒకవైపు, జూనియర్లు ఒకవైపు. అందరూ రాయాలి, పది నిమిషాలూ రాస్తూనే ఉండాలి. ఇది చాలామందికి తట్టదు. చెప్పుకోవడానికి ఏమీ లేనివాడు రెండు టిక్కులు పెట్టి పెన్ను మూసేస్తాడు. కష్టం ఉన్నవాడు ఇంకా రాస్తూ ఉంటాడు. అప్పుడు హాలంతా వాడివైపే చూస్తుంది. అందుకే నేను ముందే చెప్తాను: ‘రాయడానికి ఏమీ లేకపోతే మధ్యాహ్నం ఏం తిన్నారో రాయండి, మీ ఊరి గురించి రాయండి, పెన్ను మాత్రం ఆపకండి.’ పప్పు, పచ్చడి గురించి రాసిన చీటీలు ఎన్ని వచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఆ గుంపులోనే నిజం రాసిన చీటీ దాక్కుంటుంది.

చేతిరాతకు భయపడేవాళ్లను పెద్ద అక్షరాలతో విడివిడిగా రాయమనండి. అందరిచేతా చీటీని రెండుసార్లు మడిపించండి. పెట్టెను క్లాస్ లీడర్‌కు ఇవ్వకండి. మీతో వచ్చిన మనిషి పట్టుకుని వరసల మధ్య తిరగాలి, ఎవరి చీటీ వాళ్లే వేయాలి. పెట్టెను ఒకసారి బాగా కుదపండి. కట్టగా చేసి ఎక్కడా పెట్టకండి. పెట్టె మీ చేతిలోనే కాలేజీ గేటు దాటాలి.

ఇక మాట ఇవ్వడం. ‘మీరు ఏం రాసినా రహస్యం’ అని ఎప్పుడూ చెప్పకండి. ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. ఇంటర్ పిల్లల్లో చాలామందికి 18 నిండవు. 18 లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పాలని 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ అంటుంది. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకు రక్షణ కూడా ఆ చట్టంలోనే ఉంది. అందుకని నేను ప్రతిసారీ ఇవే మాటలు, మార్చకుండా చెప్తాను:

‘పేరు రాయొద్దు. ఎవరు రాశారో మేం వెతకం. ఈ చీటీలు మీ కాలేజీలో ఎవరికీ చూపించం. కానీ ఎవరి ప్రాణానికైనా ముప్పుందని, ఎవరినైనా తాకకూడని చోట తాకుతున్నారని ఇందులో కనిపిస్తే మేం ఊరుకోం, సాయం చేయగలవాళ్లకు చెప్తాం. అది తెలుసుకుని రాయండి.’

ఇలా చెప్తే పిల్లలు రాయరని భయపడతారు. నా అనుభవంలో రాస్తారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తారని తెలిస్తేనే రాస్తారు.

చీటీ కింది భాగం చింపుకుని తీసుకెళ్లేలా మూడు నంబర్లు అచ్చువేయించండి: పిల్లల హెల్ప్‌లైన్ 1098, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీమానస్ 14416, ర్యాగింగ్‌కు యూజీసీ (యూనివర్సిటీలు, కాలేజీల మీద ఉండే కేంద్ర సంస్థ) హెల్ప్‌లైన్ 1800-180-5522. అందరూ చింపుకోవాలి. అప్పుడు ఎవరి జేబులో ఆ ముక్క కనిపించినా ఎవరికీ అనుమానం రాదు.

ఆ రాత్రే చదవండి

‘ఆదివారం తీరిగ్గా చూద్దాం’ అనుకోకండి. ఇద్దరు కూర్చుని అదే రాత్రి అన్నీ చదవాలి. మామూలువి ఒకవైపు, గుండె బరువెక్కించేవి ఒకవైపు పెట్టండి.

లైంగిక వేధింపు గురించి ఉంటే ఆ చీటీని కవర్లో పెట్టి, తేదీ రాసి, 1098కి గానీ స్టేషన్‌కు గానీ చెప్పండి. మీరు విచారణ మొదలుపెట్టకండి, కాలేజీలో ఎవరినీ అడగకండి. వేధించేవాడు అక్కడి ఉద్యోగే కావచ్చు.

‘బతకాలని లేదు’ అన్న చీటీ వస్తే పేరు లేదు కదా, ఎలా? మర్నాడే క్లాసుకు వెళ్లి, ఆ చీటీ సంగతి ఎత్తకుండా, రోల్ నంబర్ల వరసలో అందర్నీ ఒక్కొక్కరిగా పిలిచి ఐదు నిమిషాలు మాట్లాడండి. కౌన్సెలర్ ఉంటే వాళ్లతో మాట్లాడించండి. అరవై మంది ఉంటే ఐదు గంటలు పడుతుంది. పట్టనివ్వండి. అందర్నీ పిలిస్తేనే ఆ ఒక్కరు నలుగురి కళ్లలో పడకుండా వచ్చి కూర్చుంటారు.

లెక్క, ఆ తర్వాత

లెక్కపెట్టడం తేలిక. ఒకరు చదివితే ఒకరు గీతలు గీయండి. ఖాళీగా వచ్చిన చీటీలు కూడా లెక్కలోకే వస్తాయి. ఎక్కువ ఖాళీలు వచ్చాయంటే హాల్లో ఎవరో ఉండకూడనివాళ్లు ఉన్నారని నేను అనుకుంటాను. ఐదుగురి కంటే తక్కువ ఉన్న గుంపును విడిగా చూపించకండి. ఒక గ్రూపులో ముగ్గురే అమ్మాయిలుంటే ‘ఆ గ్రూపు అమ్మాయిల్లో ఒకరు ఇలా అన్నారు’ అని రాయడం పేరు రాయడంతో సమానం. చీటీల్లోని వాక్యాలను ఉన్నదున్నట్టు రిపోర్టులో ఎత్తి రాయకండి, మీ మాటల్లోకి మార్చండి.

కాలేజీకి ఇచ్చేది ఒక పేజీ. ‘రాత్రి పది తర్వాత హాస్టల్ రెండో అంతస్తులో భయంగా ఉంటుందని చాలామంది చెప్పారు’ అన్నట్టు చోటు, సమయం మాత్రమే రాయండి. ‘చాలామంది’ నిజంగా చాలామంది అయితేనే ఆ వాక్యం రాయాలి. ఒక్కరే రాస్తే చోటు కూడా చెప్పకుండా, హాస్టల్ మొత్తం మీద రాత్రి కాపలా పెంచమని అడగండి. ర్యాగింగ్ సంగతి వస్తే ఊరికే బతిమాలుకోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలను మొదటి మూడు నెలలూ పదిహేను రోజులకోసారి పేర్లు లేకుండా సర్వే చేయాలని 2009 నాటి యూజీసీ నిబంధనలు డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీలకు చెప్పాయి. ‘ఆ సర్వే మేం నేర్పిస్తాం’ అనండి. తలుపు తెరుచుకుంటుంది.

పిల్లలకూ ఒక కాగితం బాకీ ఉంటాం. రెండు వారాల్లోపు నోటీసు బోర్డులో రెండు వరసలు పెట్టించండి: ‘మీరు చెప్పినవి’, ‘చేసినవి’. రెండో వరసలో బాత్రూముల దగ్గర లైటు వేయించడం ఒక్కటే ఉన్నా సరే, వేసిన తేదీతో సహా రాయండి. ఇది చేయకపోతే వచ్చే ఏడాది చీటీల్లో మళ్లీ ‘చాలా బాగుంది సార్’ అనే వస్తుంది.

నెల తర్వాత అదే పెట్టె, అదే మొదటి ప్రశ్నతో మళ్లీ వెళ్లండి. సదస్సు రోజు సాయంత్రం అందరికీ ధైర్యం ఉంటుంది. నెల తర్వాత ఎంత మిగిలిందో చూడాలి. ‘ఎవరికీ చెప్పను’ మళ్లీ పెరిగితే ఉపన్యాసాలు పెంచకండి. ఎవరికి చెప్పడానికి జంకుతున్నారో రెండో చీటీ మీద అడగండి. ఒక కాలేజీలో అలా అడిగితే చాలా చీటీల్లో వార్డెన్ పేరే వచ్చింది. ఫిర్యాదుల పెట్టె ఆయన గది బయటే ఉంది. దాన్ని లైబ్రరీలోకి మార్పించాం. లెక్కలు, రిపోర్టు అయ్యాక కవర్లో పెట్టినవి తప్ప మిగతా చీటీలన్నీ నీళ్లలో నానబెట్టి, ముద్ద చేసి పారేయండి.