పెట్టెలోంచి తీసిన మోడల్ రైలింజన్ పట్టాలెక్కే ముందు: జాగ్రత్తలు

నెలల తరబడి పక్కన పెట్టిన హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) ఇంజన్ ఆగి ఆగి నడిస్తే, ముందు అనుమానించాల్సింది మోటార్‌ని కాదు, చక్రాల నుంచి కరెంటు అందుకునే పికప్‌లని.

- డీసీసీ ఇంజన్ (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆదేశాలతో నడిచేది) అయితే డీకోడర్ (ఆ ఆదేశాలు చదివి మోటార్‌ని నడిపే చిన్న సర్క్యూట్) ఊడదీసి, మోటార్ టెర్మినల్‌కీ ప్రతి చక్రానికీ మధ్య మల్టీమీటర్‌ని కంటిన్యుటీ మోడ్‌లో (కరెంటుకు దారి ఉంటే బీప్ కొట్టేది) పెట్టండి. బీప్ రాకూడదు. వస్తే డీకోడర్ తిరిగి పెట్టొద్దు, కరెంటు ఇచ్చిన క్షణంలోనే కాలిపోవచ్చు. వంగిన పికప్ రేకు ఎక్కడైనా తగులుతోందేమో వెతకండి.

- చక్రాలకు గరుకు కాగితం వద్దు. గీతల్లో మురికి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్ చాలు.

- రబ్బరు టైరున్న చక్రాలకు ఆల్కహాల్ తగలనివ్వకండి, రబ్బరు పాడవుతుంది. పొడిగుడ్డతో తుడవండి.

- పికప్ రేకు చక్రం వెనకవైపు ఆనీ ఆననట్టు ఉండాలి. ఇరుసును అటూ ఇటూ జరిపి చూడండి, ఏ చివరకు జరిగినా రేకు వదలకూడదు. మరీ బిగిస్తే చక్రం తిరగక పట్టాల మీద జారుతుంది. ఓపిగ్గా చేయాల్సిన పని ఇదే.

- నూనె సూదిమొనంత, ఇరుసు బేరింగుల దగ్గర మాత్రమే. చక్రం అంచుకు పాకితే మళ్లీ మొదటికే.