సంక్రాంతి యాడ్‌లు థియేటర్‌కి పంపేముందు: లౌడ్‌నెస్ మీటర్ దగ్గర జాగ్రత్తలు

పండగ దగ్గర పడుతోంది. భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం, రాజమండ్రి, ఎక్కడ చూసినా చిన్న స్టూడియోల్లో తెల్లవార్లూ పనే. బట్టల షాపులు, నగల షాపులు, వెంచర్లు, స్కూళ్లు... అందరి యాడ్‌లూ ఆ మూడు రోజుల్లోనే తెర మీద పడాలి. కూతుళ్లూ అల్లుళ్లూ చంటిపిల్లలతో ఇంటిల్లిపాదీ హాలుకి వచ్చే రోజులు కూడా అవే. అందుకే ఆ యాడ్‌లకి మిక్సింగ్ చేసే కుర్రాళ్ల కోసం, క్యాబిన్‌లో ఉండే ఆపరేటర్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈమధ్య డెల్టాలోనే ఓ ఊరి థియేటర్లో ఏం జరిగిందో వినండి. నగల షాపు యాడ్ పడగానే ముందు వరసల్లో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆపరేటర్ ఫేడర్‌ని (హాల్లో సౌండ్ పెంచి తగ్గించే నాబ్‌ని) 7 నుంచి 4.5కి దించేశాడు. సినిమా మొదలైంది, ఫేడర్ మాత్రం అక్కడే ఉండిపోయింది. మాటలు వినపడక హాలంతా "సౌండ్... సౌండ్" అని గోల. ఆ గోలకి కంగారుపడి ఈసారి 8.5కి తోశాడు. ఇంటర్వెల్ తర్వాత ఫైట్‌లో సెంటర్ స్పీకర్‌లో పై ఫ్రీక్వెన్సీలు పలికించే హారన్ డ్రైవర్ డయాఫ్రమ్ కాలిపోయింది. అక్కడినుంచి హీరో మాట్లాడితే స, శ, చ ఏవీ పలకలేదు. మిగతా సినిమా అంతా అలాగే నడిచింది.

అందరూ ఆపరేటర్‌నే తిట్టారు. "పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తుంటే దించకుండా ఎలాగండీ?" అన్నాడతను. అతని మాటలో తప్పేముంది? ఆ యాడ్ ఫైల్ తెప్పించి చూశాను. నిడివి 40 సెకన్లు. చేసిన కుర్రాడి దగ్గర మీటర్ స్క్రీన్‌షాట్ కూడా ఉంది. అంకె 82. థియేటర్ యాడ్‌లకి సావా అనే అంతర్జాతీయ సంఘం పెట్టిన పరిమితి కూడా సరిగ్గా 82 ఎల్‌ఈక్యూ-ఎం (యాడ్ మోతని కొలిచే అంకె). మరి హాల్లో అంత మోత ఎందుకొచ్చింది? జవాబు ఆ స్క్రీన్‌షాట్‌లోనే ఓ మూలన ఉంది. కొలిచిన సమయం 2 నిమిషాలు! యాడ్ 40 సెకన్లే. మిగతా 80 సెకన్లూ మీటర్ నిశ్శబ్దాన్ని కొలిచింది. రీసెట్ కొట్టి ఆ 40 సెకన్లే కొలిస్తే 87కి కాస్త తక్కువ వచ్చింది.

అసలు తప్పు ఇదే

ఎల్‌ఈక్యూ-ఎం అంటే సగటు. కొలత మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆపేదాకా వచ్చిన శబ్దశక్తినంతా కూడి, అంత సమయంతోనూ భాగిస్తుంది. టీవీకీ ఓటీటీకీ మనం వాడే ఎల్‌యూఎఫ్‌ఎస్ మీటర్లో గేటు ఉంటుంది. నిశ్శబ్దాన్నీ, మరీ చిన్న శబ్దాల్నీ అది లెక్కలోకి రానివ్వదు. ఎల్‌ఈక్యూ-ఎంకి గేటు లేదు. ఎల్‌యూఎఫ్‌ఎస్ అలవాటుతో ఇక్కడికి వచ్చినవాళ్లు పడేది సరిగ్గా ఈ గుంటలోనే. నిశ్శబ్దం కలిపి ఎల్‌ఈక్యూ-ఎం చూడటం, నీళ్లు కలిపాక పాలకి డిగ్రీ చూడటం లాంటిదే. అంకె తగ్గుతుంది. హాల్లో మోత తగ్గదు.

ఎంత తగ్గుతుందో నోటిలెక్కకే అందుతుంది. యాడ్ ఎంతసేపుందో అంతే నిశ్శబ్దం కలిస్తే 3 డెసిబెల్ తగ్గి చూపిస్తుంది. మొత్తం సమయం యాడ్‌కి మూడింతలైతే 4.8, నాలుగింతలైతే 6, పదింతలైతే 10. మధ్యలో ఫోన్ వస్తే ప్లే ఆపి, మీటర్‌ని అలా వదిలేసి మాట్లాడొస్తే చాలు, ఎంత మోత యాడ్ అయినా పాస్ అయిపోతుంది.

మన దగ్గర దీనికి ఇంకో దారి కూడా ఉంది. థియేటర్లో వేసే యాడ్‌కి సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి కదా. అది తెర మీద ఉండే 10 సెకన్లూ చప్పుడుండదు. 30 సెకన్ల యాడ్‌తో ఆ 10 సెకన్లూ కలిపి కొలిస్తే 1.25 డెసిబెల్ దొంగతనంగా తగ్గిపోతుంది. చివర్లో నల్లతెర పెట్టుంటే ఇంకొంత. ఇలా తగ్గిన దాన్ని మళ్లీ 82 దాకా పెంచుకుని "పరిమితిలోనే ఉందండీ" అంటారు.

కాబట్టి: రీసెట్ కొట్టండి. యాడ్‌లో మొదటి శబ్దం వచ్చే ఫ్రేమ్ దగ్గర మొదలుపెట్టండి. చివరి శబ్దం ఆగే ఫ్రేమ్ దగ్గర ఆపండి. లీడర్ (యాడ్‌కి ముందుండే లెక్కింపు తెర), సర్టిఫికెట్, రెండు సెకన్ల ముందు వచ్చే బీప్, వెనక నలుపు, ఏదీ కొలతలో ఉండకూడదు. యాడ్ మధ్యలో కావాలని పెట్టుకున్న మౌనం ఉంటే ఉండనివ్వండి, అది యాడ్‌లో భాగమే. అంకె చూసేముందు పక్కనున్న సమయం చూడండి. సమయం యాడ్ నిడివితో సరిపోకపోతే ఆ అంకె చెల్లదు.

మీటర్, గది

ఒకప్పుడు ఈ కొలతకి డాల్బీ మోడల్ 737 అనే ప్రత్యేకమైన పెట్టె ఉండేది. ఇప్పుడు ప్లగిన్‌లే. పెట్టె అయినా ప్లగిన్ అయినా ఒక ఒప్పందం మీదే నడుస్తుంది. మైనస్ 20 డీబీఎఫ్ఎస్ (డిజిటల్ గరిష్ఠానికి 20 డెసిబెల్ కింద) పింక్ నాయిస్ (లెవెల్ సరిచూసే హోరు) వేస్తే తెర వెనక ఒక్కో స్పీకర్ నుంచి హాల్లో 85 డెసిబెల్, సరౌండ్‌లో ఒక్కో వైపు నుంచి 82 డెసిబెల్ రావాలి. ఇది మీటర్‌ని సి వెయిటింగ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీని ఎంత లెక్కించాలో చెప్పేదే వెయిటింగ్), స్లోలో (నిదానంగా కదిలే రీడింగ్‌లో) పెట్టినప్పుడు. థియేటర్లో ఫేడర్ 7 దగ్గర ఉన్నప్పుడు వచ్చేది ఇదే. మీటర్ సెట్టింగ్స్‌లో ఈ అంకెలు ఇలాగే ఉండాలి.

మన స్టూడియోలు ఎక్కువగా ఇంట్లో పదడుగుల గదులు. అంత చిన్న గదిలో 85 పెట్టుకుని పనిచేస్తే చెవులు తట్టుకోవు. గదిలో మానిటర్‌ని కొన్ని డెసిబెల్ తగ్గించుకోండి, తప్పులేదు. కానీ "గదిలో 78 పెట్టాను కదా" అని మీటర్‌లో ఆ 85 సెట్టింగ్‌ని (ఆఫ్‌సెట్‌ని) కూడా 78కి దించేస్తే? అంకె ఏకంగా 7 డెసిబెల్ తక్కువ చూపిస్తుంది. మీటర్ చెప్పాల్సింది థియేటర్ సంగతి, మీ గది సంగతి కాదు. మానిటర్ నాబ్ ఎక్కడ ఉందో ఒక గుర్తు గీసుకుని, ఆ పని అయ్యేదాకా అక్కడినుంచి కదపకండి.

అంకె పరిమితి దాటితే చాలామంది మొదట బేస్ తగ్గిస్తారు. దాని వల్ల ఏమీ రాదు. ఈ కొలతలో 'ఎం' అంటే ఒక వెయిటింగ్. 2 కిలోహెర్ట్జ్ దగ్గర సున్నా, 6.3 కిలోహెర్ట్జ్ దగ్గర 6.6 డెసిబెల్ ఎక్కువ, 100 హెర్ట్జ్ దగ్గర దాదాపు 25 డెసిబెల్ తక్కువ. అంటే చెవిని గుచ్చే శబ్దాలకే శిక్ష. పండగ యాడ్ అనగానే మనవాళ్లు సన్నాయి, డప్పు, గాజుల గలగల, నాణేల చప్పుడు, పైన అరుస్తున్నట్టు వాయిస్ ఓవర్ వేస్తారు. అంకెని పెంచేవి అవే. ఆ నగల షాపు యాడ్‌లో నేను చేసిందల్లా గాజుల ట్రాక్‌ని దించడం, వాయిస్‌లో 3 నుంచి 7 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం కోయడం, ఆ తర్వాత మొత్తం మీద మిగిలింది తగ్గించడం. సన్నాయి నిండుగా అలాగే ఉంది. షాపు యజమానికి వినిపిస్తే తేడా అడగలేదు.

82 అనేది దాటకూడని గీత. అక్కడికి చేరాలన్న నియమం ఏదీ లేదు. మెత్తగా మాట్లాడే యాడ్ 76 దగ్గర ఉంటే అక్కడే ఉండనివ్వండి. అమెరికాలో ట్రైలర్లకి 85 పరిమితి ఉంది. దాన్ని చూపించి "ట్రైలర్‌కి 85 ఉంటే మా యాడ్‌కి ఎందుకుండకూడదు" అని క్లయింట్ అడుగుతాడు. ఒప్పుకోవద్దు.

ఇక మిగిలినవి, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు

- ప్రతి కొత్త వెర్షన్‌కీ మీటర్ రీసెట్. ప్రతి ఒక్కదానికీ.

- యూట్యూబ్ కోసం చేసిన మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ మిక్స్‌ని థియేటర్‌కి పంపకండి. ఎల్‌యూఎఫ్‌ఎస్ అంకెలో ఇంత కలిపితే ఎల్‌ఈక్యూ-ఎం వస్తుందని లెక్క చెప్పేవాళ్లని నమ్మకండి. రెండింటి వెయిటింగ్ వేరు, గేటు సంగతి వేరు. పైగా ఎల్‌యూఎఫ్‌ఎస్ కొలత ఎల్‌ఎఫ్‌ఈ (సబ్‌ఊఫర్‌కి వెళ్లే బేస్) ఛానల్‌ని లెక్కలోకే తీసుకోదు.

- ఛానళ్ల వరస చూసుకోండి. మీ సాఫ్ట్‌వేర్ లెఫ్ట్, సెంటర్, రైట్, రెండు సరౌండ్‌లు, ఎల్‌ఎఫ్‌ఈ వరసలో ఇస్తుంటే, మీటర్ లెఫ్ట్, రైట్, సెంటర్, ఎల్‌ఎఫ్‌ఈ, రెండు సరౌండ్‌ల వరసలో తీసుకుంటుంటే, ఎడమ సరౌండ్ వెళ్లి ఎల్‌ఎఫ్‌ఈలో కూర్చుంటుంది. అంకె వస్తుంది, కానీ తప్పు అంకె. ఒక్కో ఛానల్‌కీ విడివిడిగా నాయిస్ వేసి చూడండి.

- వాయిస్ ఓవర్ సెంటర్‌లోనే ఉండాలి. స్టీరియో ఫైల్‌లో లెఫ్ట్, రైట్‌లకే వేస్తే పక్క సీట్లవాళ్లకి దగ్గరున్న స్పీకర్ ఒక్కటే చెవిలో మోగుతుంది.

- పింక్ నాయిస్ కొలవడానికి ఫోన్ యాప్ వాడకండి. ఫోన్ మైక్ తనంతట తనే లెవెల్ మార్చుకుంటుంది. ఎస్‌పీఎల్ మీటర్ (గదిలో శబ్దం కొలిచే పరికరం) అద్దెకి తెచ్చుకోండి, లేకపోతే తెలిసినవాళ్లని అడగండి. కూర్చునే చోట, చెవి ఎత్తులో, ఒంటికి దూరంగా పట్టుకోండి.

- ఎల్‌ఎఫ్‌ఈని కూడా 85కే పెట్టి వదిలేస్తున్నారు. దానికి దాని ఫ్రీక్వెన్సీల్లో 10 డెసిబెల్ అదనంగా ఉండాలి. అనలైజర్ లేకపోతే సి వెయిటింగ్ మీటర్‌లో స్థూలంగా 90 దగ్గర (ఆ ఛానల్‌లో బేస్ ఒక్కటే ఉంటుంది కాబట్టి మొత్తం అంకె 95 రాదు).

- నిశ్శబ్దం కలిసిందో లేదో మళ్లీ చూడండి. సమయం, నిడివి. పక్కపక్కన.

- చెరువుల ఏరేటర్లు అన్నీ ఒకేసారి నడిచే రాత్రివేళ మన ఊళ్లలో ఓల్టేజ్ పడిపోతుంది. కరెంటు పోయి వచ్చాక కొన్ని ఇంటర్‌ఫేస్‌లు పాత లెవెల్ మర్చిపోతాయి. కరెంటు పోయిందా, పింక్ నాయిస్ వేసి మళ్లీ చూసుకోవాల్సిందే. యూపీఎస్ లేకుండా పండగ సీజన్ పని ఒప్పుకోకండి.

- లిమిటర్‌తో నొక్కి అంకె తగ్గిందని సంబరపడకండి. పీక్‌లు తెగుతాయి, సగటు అలాగే ఉంటుంది, వినడానికి ఇంకా మొరటుగా ఉంటుంది. దించండి.

- తెల్లవార్లూ పెద్ద సౌండ్‌లో కూర్చోకండి. అమెరికాలోని నియోష్ సంస్థ సూచన ప్రకారం 'ఎ' వెయిటింగ్‌లో 85 డెసిబెల్‌కి రోజుకి 8 గంటలే వినాలి, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కీ ఆ సమయం సగం. 94కి చేరితే గంటే. చెవి అలిసిపోయాక అంతా చిన్నగానే వినిపిస్తుంది, అప్పుడు ఇంకా పెంచుతారు.

- క్లయింట్ వెనక నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంటే మీటర్ ఆయన వైపు తిప్పండి. అయినా వినకపోతే, యాడ్ గట్టిగా ఉంటే ఆపరేటర్ ఫేడర్ దించేస్తాడని, పక్క షాపు యాడ్‌తో పాటు ఆయనదీ వినపడదని చెప్పండి. డబ్బు పెట్టేవాళ్లకి ఆ మాట అర్థమవుతుంది.

- యాడ్ ఫైల్‌తో పాటు స్క్రీన్‌షాట్ పంపండి. అందులో అంకె, సమయం రెండూ కనపడాలి. సమయం కత్తిరించిన స్క్రీన్‌షాట్ వస్తే థియేటర్‌వాళ్లు తిప్పి పంపండి. మొహమాటం వద్దు.

- ఆపరేటర్లకి: ఫేడర్‌లో 4 పైన ఒక్కో అంకె సుమారు 3.3 డెసిబెల్. 7 నుంచి 4.5 అంటే 8 డెసిబెల్ పైనే పోతుంది. 4 కిందకి దించితే ఒక్కో అంకెకీ 20 పోతుంది, సినిమా మూగబోతుంది.

- యాడ్‌కి దించాల్సి వస్తే దించండి, పిల్లల చెవులు ముఖ్యం. ఏ యాడ్‌కి దించారో కాగితం మీద రాసి, ఆ స్టూడియోకి ఫోన్ చేయండి. రెండో ఆటకి ఆ ఫైల్ మార్పించండి.

- సినిమా మొదలవగానే ఫేడర్ 7కి. చేత్తో పెట్టి, కంటితో చూసి.

- జనం "సౌండ్" అని అరిస్తే ముందు ఫేడర్ ఎక్కడుందో చూడండి. 7 దాటించే ముందు హాల్లోకి దిగి మధ్య వరసలో నిలబడి వినండి. క్యాబిన్ స్పీకర్ విని నిర్ణయించకండి. ఖాళీ హాల్లో పొద్దున పెట్టిన లెవెల్ నిండిన హాల్లో తక్కువగా అనిపిస్తుంది. జనం ఒంటి మీది బట్టలే పై ఫ్రీక్వెన్సీలని పీల్చేస్తాయి. అర అంకె పెంచండి, మళ్లీ వినండి. ఒక్క తోపులో 8.5కి వద్దు.

- ఎంత హడావుడిలో ఉన్నా, బయట షాపు మనిషి పెన్‌డ్రైవ్ కోసం బండి స్టార్ట్ చేసుకుని నిలబడ్డా, ఆఖరి ఎక్స్‌పోర్ట్‌ని తిరిగి లోపలికి తెచ్చి, రీసెట్ కొట్టి, మొదటి శబ్దం నుంచి చివరి శబ్దం దాకా ఇంకోసారి కొలిచాకే చేతిలో పెట్టండి.