ఇల్లు ఖాయం చేసే ముందు ఆ ఏరియాలో ఒకసారి నడిచి చూడండి

ఇంటి ప్రకటనలో "స్టేషన్‌కి 500 మీటర్లే" అని ఉంటే వెంటనే నమ్మేయకండి. చాలాసార్లు అది మ్యాప్ మీద తిన్నగా గీత గీసి కొలిచిన దూరం, మధ్యలో పొడవాటి కాంపౌండ్ గోడో, దాటడానికి వీల్లేని హైవేనో, చివర మూసుకుపోయిన సందో ఉంటే అదే కిలోమీటరున్నర అవుతుంది. మ్యాప్‌లో నడక దారి ఎంచుకుని, ఇంటి గేటు నుంచి ప్లాట్‌ఫామ్ దాకా ఎంతసేపో చూడండి, ఎందుకంటే లోతుగా ఉన్న స్టేషన్లలో మెట్లూ ఎస్కలేటర్లూ దిగడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. మామూలు నడకకి 400 మీటర్లంటే 5 నిమిషాలు, 800 అంటే 10. రోజూ నడవాలంటే అంతకు మించకపోతే మంచిది.

వీధులు ఎంత దగ్గర దగ్గరగా కలుస్తున్నాయో కూడా గమనించండి. స్పెయిన్‌లోని బార్సిలోనాలో 19వ శతాబ్దంలో ఇల్దెఫోన్స్ సెర్దా అనే ఇంజనీరు ప్లాన్ గీసిన ఎషాంప్లా ప్రాంతంలో ఒక్కో బ్లాకు సుమారు 113 మీటర్లే, అంటే రెండు నిమిషాలు నడిచేలోపే ఇంకో మలుపు వస్తుంది, చుట్టూ తిరగాల్సిన పనిలేదు.

అయితే దూరం కన్నా నేను ముందు చూసేది బస్సు ఎంతసేపటికొకటి వస్తుందని. టైమ్ చూసుకోకుండా స్టాప్‌కి వెళ్తే, రెండు బస్సుల మధ్య వ్యవధిలో సగటున సగం సేపు నిలబడాలి: 10 నిమిషాలకొకటైతే 5, అరగంటకొకటైతే 15. అదీ అన్నీ టైమ్‌కి వస్తేనే. ఆలస్యమైన బస్సు కోసం స్టాపులో జనం పెరుగుతారు, వాళ్లంతా ఎక్కేసరికి అది ఇంకా ఆలస్యమవుతుంది, వెనక బస్సు ఖాళీగా వచ్చి దాన్ని అందుకుంటుంది, చివరికి చాలాసేపు ఏమీ రాక, తర్వాత రెండూ ఒకేసారి వస్తాయి. ఈ తలనొప్పి తగ్గాలంటే బస్సుకి సొంత లేన్ ఉండాలి (బ్రెజిల్‌లోని కురిటీబా 1974లోనే ఈ పని మొదలుపెట్టింది). కాబట్టి మీరు ఎక్కబోయే రూట్‌కి అలాంటి లేన్ ఉందో లేదో కనుక్కోండి. "రోజుకి ఇన్ని సర్వీసులు" అన్న లెక్క పట్టించుకోవద్దు, అవన్నీ ఉదయం, సాయంత్రమే తిరిగి మధ్యాహ్నం ఒక్కటీ లేకపోవచ్చు. రాత్రి ఆఖరి బస్సు ఎప్పుడు, ఆదివారం ఎంతసేపటికొకటి, అవి చూడండి. మధ్యలో బస్సు మారాలంటే రెండోసారి ఎదురుచూసే టైమ్ కూడా కలపాలి.

ఇక నడవడం. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లండి, వీలైతే వాన పడ్డ మర్నాడు కూడా. ఫుట్‌పాత్ ఉందా అని కాదు, దాని మీద నడవగలుగుతున్నారా, లేక పార్క్ చేసిన బండ్ల వల్ల రోడ్డు మీదకి దిగాల్సి వస్తోందా అని చూడండి. చాలాచోట్ల సిగ్నల్ టైమ్‌ని సెకనుకి సుమారు 1.2 మీటర్ల నడకతో లెక్కేస్తారు, ఆ లెక్కన 14 మీటర్ల రోడ్డుకి 12 సెకన్లు చాలు, కానీ సెకనుకి 0.8 మీటర్లు నడిచే పెద్దవాళ్లకి 17 సెకన్లు దాటుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని తీసుకెళ్లి దాటించి చూడండి. వాహనాల వేగం మరీ ముఖ్యం, గంటకి 30 కిలోమీటర్లతో గుద్దితే చాలామంది బతుకుతారు, 50 దాటితే ఆ అవకాశం బాగా పడిపోతుంది.

రోజూ కావాల్సినవన్నీ, ఉద్యోగంతో సహా, ఇంటి నుంచి నడిచో సైకిల్ మీదో 15 నిమిషాల్లో అందాలని నగరాల మీద పరిశోధన చేసే కార్లోస్ మొరెనో అంటారు. ఆయన చెప్పే ఈ "15 నిమిషాల నగరం" ఆలోచన బడి, మందుల షాపు, కూరగాయలు, పార్కు వరకు బాగానే పనిచేస్తుంది, ఉద్యోగం విషయంలో మాత్రం నాకు అంత నమ్మకం లేదు, ఇల్లు మారినంత మాత్రాన ఆఫీసు వెంట రాదు కదా. అందుకే రెండు ఇళ్ల మధ్య ఎటూ తేలకపోతే, స్టాప్ కాస్త దూరమైనా బస్సులు ఎక్కువున్న చోటే తీసుకోండి. అద్దె ఎక్కువనిపిస్తే, రెండో బండి అక్కర్లేకపోతే మిగిలే ఈఎంఐ, ఇంధనం, ఇన్సూరెన్స్, పార్కింగ్ ఖర్చులన్నీ కూడి ఆ తేడాతో పోల్చి అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి.