చేపలను కూడగట్టే తెప్పను సముద్రంలో దింపేముందు జాగ్రత్తలు

ముందుగా చోటు. ఓడలు తిరిగే దారి, ట్రాలర్లు వల లాగే చోటు వద్దు. ఎకోసౌండర్‌తో (శబ్దంతో లోతు కొలిచే పరికరం) లోతు ఒకటికి రెండుసార్లు కొలవండి, అడుగు చదునుగా ఉండాలి. వాలు మీద లంగరు జారిపోతుంది. మత్స్యశాఖ అనుమతి, పక్క పడవలవాళ్లతో మాట ముందే అయిపోవాలి. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

తెప్పను లంగరుకు కలిపే తాడు లోతు కంటే సుమారు ఐదో వంతు ఎక్కువ ఉండాలి. అయితే ఆ అదనపు తాడు నీటిపైన తేలితే ప్రొపెల్లర్ కోసేస్తుంది. అందుకే పైభాగానికి మునిగే నైలాన్, కింది భాగానికి తేలే పాలీప్రొపిలీన్ వాడతారు. షాకిల్ (తాడును, గొలుసును కలిపే ఇనుప కొండీ) పిన్నుకు తీగ చుట్టి బిగించారా? చేత్తో తిప్పి చూడండి, కదిలితే మళ్లీ కట్టండి.

చేపలు చేరేందుకు తెప్ప కింద వేలాడదీయడానికి పాత వల ముక్కలు అస్సలు వద్దు. తాబేళ్లు, సొరచేపలు చిక్కుకుని ఊపిరాడక చస్తాయి. కొబ్బరి మట్టలు చాలు, పాడైనప్పుడు మార్చుకోవచ్చు.

తెప్ప మీద జెండా, రాత్రికి లైటు ఉండాలి.

దింపేటప్పుడే అసలు ప్రమాదం. ముందు తెప్ప, తర్వాత తాడు, చివరికి లంగరు. బరువు పడగానే తాడు చుట్ట బుసకొట్టినట్టు లేచిపోతుంది. ఆ చుట్టలో కాలుంటే మనిషినీ లాక్కుపోతుంది. అందరూ లైఫ్‌జాకెట్ వేసుకోండి, కత్తి చేతికందేలా పెట్టుకోండి. గాలి ఎక్కువుంటే ఆ రోజుకు ఆపేయండి.

వేటకు వెళ్లాక పడవను తెప్పకు కట్టొద్దు, తాడు తెగుతుంది. పిల్ల చేపలు పడితే వెంటనే నీళ్లలోకి వదిలేయండి.