ప్రోటీన్ తగ్గింది సరే, ఎంఆర్‌ఎన్‌ఏ తెగిందా, అనువాదం ఆగిందా?

వరంగల్, హనుమకొండ కళాశాలల్లో ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్‌ను (ఆర్‌ఎన్‌ఏతో ఒక జన్యువు పనిని అణచే పద్ధతి) పీజీ ప్రాజెక్టుగా ఎంచుకునే విద్యార్థులు వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ ఎంత ఉందో పట్టీగా చూపే పరీక్ష) పట్టీ పలచబడగానే "జన్యువు నిశ్శబ్దమైంది" అని రాసేయకూడదు. ఆ పలచదనానికి కనీసం మూడు కారణాలుంటాయి.

మొదటిది అసలు ఉద్దేశించినదే. 21 నుంచి 23 న్యూక్లియోటైడ్ల ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (కణానికిచ్చే చిన్న ఆర్‌ఎన్‌ఏ) లక్ష్యంతో పూర్తిగా జతకడితే, దాని 5' కొన నుంచి లెక్కించిన 10, 11 స్థానాలకు ఎదురుగా ఆర్గోనాట్-2 అనే ఎంజైమ్ ఎంఆర్‌ఎన్‌ఏను (జన్యువు సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏను) కోస్తుంది. రెండవ సందర్భంలో, 2 నుంచి 8 వరకున్న స్థానాలు మాత్రమే జతకూడినప్పుడు కోత ఉండదు. జీడబ్ల్యూ182 ప్రోటీన్ల ద్వారా అనువాదం (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారీ) ప్రారంభంలోనే అణగిపోతుంది, చివరనున్న పాలీ-ఏ తోక కురచబడి ఎంఆర్‌ఎన్‌ఏ కూడా క్రమంగా క్షీణిస్తుంది. మీ ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ అనుకోని జన్యువులపై కణంలో సహజంగా ఉండే మైక్రోఆర్‌ఎన్‌ఏలా పనిచేసేది ఇలాగే.

కాబట్టి సుమారు 24 గంటలకు క్యూపీసీఆర్ (ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష), 48 నుంచి 72 గంటలకు బ్లాట్ చేయాలి; ప్రోటీన్ అర్ధాయువు ఎక్కువైతే ఇంకా ఆగాలి. ప్రైమర్లు (క్యూపీసీఆర్‌లో వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) కోత స్థానానికి ఇరువైపులా ఉండాలి, లేకుంటే తెగిన ముక్కనే చెక్కుచెదరని ఎంఆర్‌ఎన్‌ఏగా లెక్కిస్తారు. ఎంఆర్‌ఎన్‌ఏ అంతగా తగ్గకుండా ప్రోటీన్ మాత్రమే తగ్గితే, సైక్లోహెక్సిమైడ్‌తో రైబోసోములను నిలిపి, 10 నుంచి 50 శాతం సుక్రోజ్ గ్రేడియెంట్‌పై పాలీసోములను (ఒకే ఎంఆర్‌ఎన్‌ఏపై వరుసగా ఉన్న రైబోసోములను) వేరుచేసి, లక్ష్య ఎంఆర్‌ఎన్‌ఏ తేలిక భాగాల్లోకి జరిగిందేమో చూడాలి. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అందుబాటులో లేనివారు లక్ష్యపు 3' యూటీఆర్‌ను (ప్రోటీన్‌గా మారని చివరి భాగాన్ని) వెలుగునిచ్చే ఎంజైమ్ అయిన లూసిఫరేజ్ జన్యువుకు జోడించి పరీక్షించవచ్చు. ఇది అంత వివరంగా చెప్పదు కానీ ప్రాజెక్టుకు చాలు.

మూడవ కారణమే ఎక్కువ మోసగిస్తుంది. పత్తిలో గులాబీ రంగు పురుగుపై ఆర్‌ఎన్‌ఏ ప్రయోగాల గురించి చదివి, కీటకాలకిచ్చే పొడవైన జంటపోగు ఆర్‌ఎన్‌ఏను సాధారణ మానవ కణాల్లో వాడకూడదు. దాదాపు 30 జతలు దాటితే పీకేఆర్ అనే ఎంజైమ్ ఉత్తేజితమై, అనువాదానికి అవసరమైన ఈఐఎఫ్2-ఆల్ఫాకు ఫాస్ఫేట్ చేరుస్తుంది, మొత్తం అనువాదమే మందగిస్తుంది. బ్లాట్‌లో పోల్చడానికి వాడే యాక్టిన్ దీర్ఘాయువు కలది కావడంతో యథాతథంగా కనిపించి, లోపాన్ని కప్పిపుచ్చుతుంది. అందుకే ప్యూరోమైసిన్‌ను కొద్దిసేపు ఇచ్చి, కొత్తగా తయారవుతున్న ప్రోటీన్లలో అది ఎంత చేరిందో, స్క్రాంబుల్డ్ నియంత్రణతో (క్రమం కలగాపులగం చేసిన ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ) పాటు ఏమీ ఇవ్వని కణాలతోనూ పోల్చి చూడాలి.

ఇవన్నీ సరిపోయాక, ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ గుర్తించలేని విధంగా కోడాన్లు మార్చి, అమైనో ఆమ్లాలు మాత్రం మారని లక్ష్య జన్యువును కణాలకు తిరిగి ఇవ్వాలి. కణాలు మళ్లీ మామూలు స్థితికి రాకపోతే ఆ ఫలితాన్ని థీసిస్‌లో చేర్చవద్దు.