అన్నం మానకుండా బరువు తగ్గాలంటే

నెలకు ఒకటిన్నర, రెండు కిలోలు తగ్గితే చాలు. అన్నం ఒక్కసారిగా మానేస్తే వారం తిరిగేలోపు రాత్రిపూట జంతికల డబ్బా దగ్గర తేలతారు. ముందు బియ్యం కొలవండి. పూటకు 100 గ్రాములు వండుకునేవారు 70కి దించితే సుమారు 100 కేలరీలు తగ్గుతాయి. ఆ ఖాళీని బీరకాయ, సొరకాయ, తోటకూర కూరలతో, గట్టి పప్పుతో నింపండి. పల్చటి చారు ఆకలి ఆపదు.

అసలు దొంగ నూనె. చిన్న చెంచా (5 మి.లీ.) నూనెలో దాదాపు 40 కేలరీలుంటాయి. సీసా వంచి పోయకుండా, మనిషికి రోజుకు నాలుగు చెంచాలు కొలిచి పక్కన పెట్టుకోండి. వేపుళ్లు వారానికొకటి.

వారానికోసారి, పరగడుపున తూచుకోండి. రోజూ తూచితే ఒంట్లో నీటి వల్ల అంకె అటూఇటూ ఊగి కంగారు పెడుతుంది. షుగర్ మందులు వాడేవారు అన్నం తగ్గించే ముందే డాక్టర్‌కు చెప్పాలి. మోతాదు మార్చకపోతే షుగర్ మరీ పడిపోవచ్చు.