క్యాన్సిల్ కాగితం మీద సంతకం పెట్టే ముందు: యూఏఈకి కొత్తగా వచ్చిన సిక్కోలు తమ్ముళ్లకు

పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకు కంచిలి దగ్గరి కుర్రాడొకడు అబుదాబి పక్కన ముసఫ్ఫాలోని మా గదికి వచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. ప్రాజెక్టు అయిపోయిందని చెప్పి కంపెనీ వారే అతనిని, అతనితో పాటు మరో పదిమంది వెల్డర్లను పనిలోంచి తీసివేశారు. కాని ఆ కాగితం మీద, ఒక పక్క అరబ్బీలోను ఇంకో పక్క ఇంగ్లీషులోను, అతడే తన ఇష్టంతో ఉద్యోగం మానుకుంటున్నట్లు రాసి ఉంది, కింద అతని సంతకమూ ఉంది. "సదవకుండా సంతకం ఎందుకెట్టినావురా?" అని అడిగితే, "అందరూ ఎట్టేసినారన్నా, సంతకం ఎడితేనే ఆఖరు జీతం ఇత్తామన్నారు" అన్నాడు. అతని మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ బాధ వేసింది, ఎందుకంటే 2024లో నేను సరిగ్గా అదే పని చేసి, నిరుద్యోగ బీమా కింద నాకు రావలసిన మూడు నెలల భృతిని పోగొట్టుకున్నాను. అందుకే ఉద్దానం నుంచీ, సోంపేట, పలాస, టెక్కలి, చీపురుపల్లి వైపుల నుంచీ కొత్తగా వస్తున్న వెల్డర్లు, రిగ్గర్లు, పైప్ ఫిట్టర్లు చదువుకునేందుకు ఇది రాస్తున్నాను.

మనవాళ్లు ఐలో అని పిలిచే ఈ నిరుద్యోగ బీమా యూఏఈలో 2023 జనవరి 1న మొదలైంది. బేసిక్ జీతం 16,000 దిర్హాములు, లేదా అంతకు తక్కువ ఉన్నవారు నెలకు 5 దిర్హాములు కట్టాలి, అంతకు మించినవారు 10 కట్టాలి. మన వాళ్లలో దాదాపు అందరూ మొదటి రకంలోకే వస్తారు. తప్పు మన వైపు లేకుండా కంపెనీయే తీసివేస్తే, చివరి ఆరు నెలల బేసిక్ సగటులో 60 శాతం చొప్పున గరిష్ఠంగా మూడు నెలలు ఇస్తారు. బేసిక్ అనే మాటను గుర్తు పెట్టుకోండి. ఓవర్‌టైముతో కలిపి నెలకు 2,000 అందుకుంటున్నా, కాంట్రాక్టులో బేసిక్ 1,000 అని ఉంటే లెక్క ఆ వెయ్యి మీదనే కడతారు, అంటే నెలకు 600 వస్తుంది. ఇది యూఏఈలోని ప్రైవేటు, ప్రభుత్వ ఉద్యోగులకు సంబంధించినది, ఇళ్లలో పనిచేసే డ్రైవర్లకు, వంటవారికి వర్తించదు. ఊళ్లో విన్న మాటను పట్టుకుని కువైట్‌లోనో ఖతర్‌లోనో ఉన్న బంధువులకు దీని గురించి ఆశ పెట్టకండి.

ఈ డబ్బు కంపెనీయే కడుతుందని ఏజెంట్లు చెబుతారు. కొన్ని కంపెనీలు కడతాయి కూడా, కాని చట్టం ప్రకారం ఆ బాధ్యత ఉద్యోగిది. కట్టకపోతే 400 దిర్హాముల జరిమానా పడుతుంది. చేరిన తరువాత మూడు నెలలకు మించి వాయిదాలు ఆపేస్తే బీమా రద్దయి 200 జరిమానా పడుతుంది. జరిమానా కట్టినంత మాత్రాన పోయిన నెలలు తిరిగి లెక్కలోకి రావు. క్లెయిము పెట్టాలంటే వరుసగా 12 నెలలు బీమాలో ఉండి తీరాలి. పదకొండు నెలలు నిండాయని బతిమాలినా ఎవరూ వినరు. కాబట్టి విమానం దిగి, బతాకా, అంటే ఎమిరేట్స్ గుర్తింపు కార్డు, చేతికి వచ్చిన వారంలోనే బీమా కాలానికంతా ఒకేసారి కట్టేసి, ఆ సర్టిఫికెట్టును ఫోనులో దాచుకోండి. దీని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

చెప్పవలసినదంతా సంతకం గురించే. నేను 2022లో వచ్చాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను కాని, ఆఫీసులో ఎదురుగా మనిషి నిలబడి తొందరపెడుతుంటే కళ్లకు ఏమీ కనబడని స్థితి నాది. పని పోయిన రోజున ఆఫీసు బయట ఎండలో నలభై మందిమి వరుసలో నిలబడ్డాము. లోపల బల్ల మీద మూడు కాగితాలు, వాటి మీద పెన్సిలుతో ఇంటూ గుర్తులు ఉన్నాయి. గుర్తు ఉన్న చోటల్లా సంతకం పెట్టి, కిందికి జారకుండా కాగితాన్ని ఎడమ చేత్తో పట్టుకున్నది నాకు ఇప్పటికీ గుర్తుంది. వాటిలో ఒకటి వర్క్ పర్మిటు రద్దు కాగితం, ఒకటి బకాయిలన్నీ ముట్టాయని ఒప్పుకోలు, మూడవది నా రాజీనామా. క్లెయిము పెట్టిన తరువాత, మీరే మానుకున్నారు కనుక అర్హత లేదని సమాధానం వచ్చినప్పుడు గాని మూడవ కాగితంలో ఏముందో నాకు తెలియలేదు. అప్పటికి ఇంటి దగ్గర నాన్నకు పలాసలో డయాలసిస్ జరుగుతోంది. ఉద్దానంలో ఆ జబ్బు లేని వీధి లేదు కాబట్టి ఆ ఖర్చు సంగతి మీకు వివరించనక్కరలేదు.

అందువల్ల ఎవరెంత తొందరపెట్టినా ముందుగా ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫోటో తీయండి. ఆ తరువాత, తీసివేసినది కంపెనీ అని ఆ కాగితంలో స్పష్టంగా ఉన్నదో లేదో చదివించుకోండి. మీకు చదవడం రాకపోతే ఆ ఫోటోను చదవగలిగిన మనవాడెవడికైనా పంపి, అతడు బదులిచ్చేవరకు కలం పట్టుకోకండి. రిజిగ్నేషన్, అంటే రాజీనామా, అనే మాట ఎక్కడ కనబడినా సంతకం పెట్టనని మర్యాదగా చెప్పండి. సంతకం పెట్టకపోతే జీతం ఆపుతామని బెదిరిస్తే భయపడవద్దు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల లోపల జీతం బకాయిలు, గ్రాట్యుటీ (పనిచేసిన ఏళ్లను బట్టి చివర ఇచ్చే సొమ్ము) చెల్లించాలని యూఏఈ చట్టమే చెబుతోంది. ఏడాది నిండినవారికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ ఉంది, అది భృతితో సంబంధం లేని వేరే హక్కు. ఇవ్వకపోతే కార్మిక మంత్రిత్వ శాఖకు 600590000 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. 50,000 దిర్హాముల లోపు తగాదాలను 2024 నుంచి ఆ శాఖే తేల్చుతోంది. మాట సాయానికి దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 80046342 నంబరు ఉంది. చేతిలో ఇన్ని దారులు ఉండగా, కాగితం చదవడానికి రెండు నిమిషాలు అడగడానికి మొహమాటపడే మనవాళ్లను చూస్తే నాకు ఓర్పు నశిస్తోంది. బంధువుల ఇంటి పెళ్లిలో పీట మీద పెట్టే తాంబూలం కాదు ఇది, ఇవ్వగానే అందుకోవడానికి.

ఒక మాట విడిగా చెప్పాలి. అలిగి క్యాంపు వదిలి వేరే చోటికి వెళ్లి పని చేసుకోకండి. పనికి రాకుండా పారిపోయారని కంపెనీ కేసు పెడితే భృతి మాటే ఉండదు.

పని పోయిన తేదీ నుంచి 30 రోజుల లోపల క్లెయిము పెట్టాలి. ఆ గడువులో పెట్టి, వెంటనే ఊరికి టికెట్టు తీసుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. అది పొరపాటు. దేశం విడిచి వెళ్లినా, కొత్త ఉద్యోగంలో చేరినా చెల్లింపు ఆగిపోతుంది. వీసా రద్దయ్యాక దేశంలో ఎన్ని రోజులు ఉండవచ్చో రద్దు కాగితం మీద తేదీ ఉంటుంది, అది దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. కాబట్టి లెక్క వేసుకోండి. మంచం అద్దె, తిండి పోను ఆరువందలలో ఏమీ మిగలని పరిస్థితి అయి, కొత్త పని దొరికే సూచన కూడా లేకపోతే, గ్రాట్యుటీ తీసుకుని ఇంటికి వెళ్లడమే మేలని నేను నమ్ముతాను. గదిలో చోటిచ్చే బావమరిదో మేనమామో ఉంటే మాత్రం ఆగి తీసుకోండి.

ఇక ఆలస్యాల సంగతి. రెండో కంపెనీలో పని పోయినప్పుడు నా కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, అయినా డబ్బు రాలేదు. రెండు వారాలలో వేస్తామన్నది మూడు వారాలైంది. రోజుకు పదిసార్లు ఫోను తీసి చూసేవాడిని, మళ్లీ ఎక్కడో తప్పు సంతకం పెట్టానేమోనని నిద్ర పట్టేది కాదు. చివరకు టైపింగు సెంటరులో కూర్చుని క్లెయిమును తెరిపించి చూస్తే, నా ఐబాన్‌లో, అంటే బ్యాంకు ఖాతా పూర్తి నంబరులో, ఒక సున్నా తక్కువ పడింది. యూఏఈ ఐబాన్‌లో ఏ ఈ అనే రెండు అక్షరాలతో కలిపి 23 ఉండాలి. మధ్యలో వరుసగా సున్నాలు వచ్చే చోట వేలు పెట్టి లెక్కపెట్టండి. జీతం కార్డు మీద ముద్రించిన 16 అంకెలు ఐబాన్ కావు, వాటిని రాసి పంపినవాళ్లను ఇద్దరిని ఈ ఏడాదే చూశాను. బతాకా మీది పేరూ ఖాతాలోని పేరూ ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోండి. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక పడుతూ ఉంటుంది.

ఇంత చదివాక మీకు గుండె జారి ఉంటే, ఇది కూడా చెప్పాలి. ఆలస్యమంటే నిరాకరణ కాదు. 12 నెలలు నిండి, తీసివేసినది కంపెనీయేనని కాగితంలో ఉండి, ఖాతా సరిగా ఉంటే డబ్బు వస్తుంది. నాకు వచ్చింది. సున్నా దిద్దిన వారం లోపల, గదిలో అన్నం వండుతుండగా 780 దిర్హాములు పడినట్లు సందేశం వచ్చింది, ఆ తరువాత మరి రెండు నెలలు కూడా వచ్చాయి. కంచిలి కుర్రాడి విషయంలో, తనతో పాటు తీసివేసిన మిగిలిన పదిమంది పేర్లు, ప్రాజెక్టు ముగిసిందని ఫోర్‌మన్ వాట్సాప్‌లో పెట్టిన సందేశం జతచేసి, ఆ రాజీనామా తనది కాదని మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు పెట్టించాను. 30 రోజుల గడువుకు ఇంకా తొమ్మిది రోజులు ఉండగానే క్లెయిము కూడా పెట్టించాను. అతడిప్పుడు మా గదిలోనే ఉంటున్నాడు.